జీతం వదిలి అత్తరు దుకాణం: రాజీనామాకు ముందు తెలియాల్సిన మాల్, లెక్క, మాట

పదేళ్లో పన్నెండేళ్లో ఐటీ కంపెనీలోనో, బ్యాంకులోనో, గల్ఫ్‌లోనో పనిచేసి, ఇక చాలు, సొంతంగా ఏదైనా పెట్టుకుందాం అనుకునే హైదరాబాదీలకు తట్టే ఆలోచనల్లో అత్తరు దుకాణం ఒకటి. తట్టడంలో వింతేమీ లేదు. చిన్న మల్గీ చాలు. సరుకు కూరగాయల్లా కుళ్లదు, బట్టల్లా ఫ్యాషన్ పోయి మూలపడదు. వంట లేదు, మంట లేదు. అద్దాల అరల్లో వంద సీసాలు పేర్చుకుని కూర్చుంటే నలుగురిలో గౌరవం. జుమ్మా నమాజుకు ముందు అత్తరు రాసుకోవడం సున్నత్ కాబట్టి వారం వారం గిరాకీ ఉంటుంది. రంజాన్ ఉంది, పెళ్లిళ్లు ఉన్నాయి.

ఇందులో అబద్ధం లేదు. కాకపోతే సగమే నిజం. ఉద్యోగం మానేసి ఈ వ్యాపారంలో దిగినవాళ్లు ఎక్కువగా తట్టుకుని పడేది అద్దె దగ్గరో లైసెన్సు దగ్గరో కాదు. సీసాలో ఏముందో తనకే సరిగా తెలియకుండా అమ్మడం మొదటి దెబ్బ. నెలనెలా జీతానికి అలవాటుపడిన ఇంటిని, ఏడాదిలో రెండు మూడు నెలలే గట్టిగా పండే వ్యాపారం మీద ఆనించడం రెండో దెబ్బ. మొదటి దానితో పేరు పోతుంది, రెండో దానితో ఇల్లు కదులుతుంది.

అసలు అత్తరు అంటే ఏది?

తెలుగు ఊళ్లలో అత్తరు సాయిబు అంటే పాతవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది చిన్న చెక్కపెట్టె, అందులో సీసాలు, చెవి మడతలో పెట్టుకున్న దూది. ఆ దూదినే ఉర్దూలో ఫాయా అంటారు. ఆయన దగ్గర పది రకాలు ఉండేవేమో. ఇవాళ ఒక మామూలు దుకాణంలో నూరు, నూట యాభై పేర్లు కనిపిస్తాయి. అందులో సంప్రదాయ పద్ధతిలో తయారైన అత్తర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటే గొప్ప.

సంప్రదాయ పద్ధతికి ఇప్పటికీ కేంద్రం ఉత్తరప్రదేశ్‌లో కాన్పూర్‌కు దగ్గర్లో ఉన్న కనౌజ్. అక్కడి పద్ధతి పేరు దేగ్-భప్కా. దేగ్ అంటే పెద్ద రాగి బిందె. అందులో పువ్వులు, నీళ్లు పోసి మూతపెట్టి, ఆవిరి తప్పించుకోకుండా అంచుల్లో బంకమట్టి మెత్తుతారు. కింద కట్టెల మంట. దేగ్ నుంచి ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే రాగి పాత్రలోకి పోతుంది. ఆ పాత్ర నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది, అందులో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. పూల ఆవిరి చల్లబడి ఆ నూనెలో కలుస్తుంది. నీటిని వేరుచేసి, మర్నాడు మళ్లీ కొత్త పువ్వులు. ఇలా రోజుల తరబడి చేస్తేగాని నూనె పూల వాసనతో నిండదు. చివర్లో తేమ పోవడానికి తోలు కుప్పెల్లో నింపి ఉంచడం పాత అలవాటు. కనౌజ్ అత్తరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇందులో కొత్త వ్యాపారి గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒక్కటే: అసలు అత్తరుకు పునాది గంధపు నూనె. పువ్వు ఏదైనా కావచ్చు, పునాది అదే. గంధపు నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలా కాలమైంది. కిలో లక్షే అనుకున్నా పది గ్రాములు వెయ్యి రూపాయలు. మరి బజారులో తులం సీసా 150కో 200కో దొరుకుతోందంటే, అందులో గంధపు నూనె లేదని చెప్పడానికి ల్యాబ్ అక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు. అలాంటి సీసాల్లో పునాదిగా ఉండేది లిక్విడ్ పారాఫిన్ లేదా పరిశ్రమల్లో వాడే ద్రావణి నూనెలు. వాసన ఇచ్చేది ఫ్యాక్టరీలో కలిపిన కాంపౌండ్.

కాంపౌండ్ అమ్మడం నేరం కాదు. నిజానికి ఈ వ్యాపారంలో రోజువారీ గల్లా నింపేది అదే. జన్నతుల్ ఫిర్దౌస్ అడిగే కుర్రవాడు, దుబాయ్ సెంటులా ఉండేదేదైనా ఇవ్వండి అనే కాలేజీ పిల్ల, ఇద్దరికీ కావల్సింది మంచి వాసన, అందుబాటు ధర. గొడవంతా మాట దగ్గరే. కాంపౌండ్‌ను కాంపౌండ్ అని అమ్మితే వ్యాపారం. దాన్నే ‘అసలు కనౌజ్ గులాబ్, చందనం మీద తీసింది’ అని అమ్మితే మోసం. తెలియక అలా అన్నా, కొన్నవాడి చెయ్యి దద్దురెక్కినప్పుడు తెలియక అన్నానంటే ఎవరూ వినరు.

కంపెనీ ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తేలిగ్గా దొరికిపోతారు. హోల్‌సేల్ వ్యాపారి చెప్పిన పేరునే వాళ్లు గిరాకీకి అప్పజెబుతారు. ఆయనకు ఇంకొకాయన చెప్పి ఉంటాడు. అలా నాలుగు చేతులు మారేసరికి సీసా మీద పేరుకూ లోపల నూనెకూ సంబంధం తెగిపోతుంది.

పేర్లు, వాటి వెనక సరుకు

గులాబీతో మొదలుపెడితే, రూహ్ గులాబ్ అంటే గంధపు నూనె కలపని ఉత్త గులాబీ తైలం. కిలో తైలానికి టన్నుల లెక్కన రేకులు కావాలి, మూడు నుంచి అయిదు టన్నుల దాకా. అందుకే దాని ధర విని చాలామంది సీసా తిరిగి బల్ల మీద పెట్టేస్తారు. అత్తర్ గులాబ్ అంటే గంధపు నూనెలోకి తీసింది. రెండింటికీ తేడా చెప్పలేని దుకాణదారుణ్ణి తెలిసిన గిరాకీ ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడు. జహంగీర్ తన జ్ఞాపకాల్లో గులాబీ అత్తరు కనిపెట్టిన ఘనతను నూర్జహాన్‌కు కాదు, ఆమె తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. బజారులో మాత్రం ఇప్పటికీ నూర్జహాన్ పేరే చెబుతారు.

కేవడా అంటే మన మొగలిపువ్వు. దానికి పేరున్నది శ్రీకాకుళం జిల్లాకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని గంజాం. ఖస్ అంటే వట్టివేరు. మిట్టీ అత్తరు అంటే కాల్చిన మట్టిని దేగ్‌లో వేసి తీసింది, తొలకరి చినుకు పడ్డప్పటి వాసన. దీన్నే గిల్ అని కూడా అంటారు. మజ్మువా ఒక పువ్వు పేరు కాదు, కొన్ని అత్తర్ల కలయిక. శమామా అయితే పదుల కొద్దీ మూలికలు, సుగంధ ద్రవ్యాలు కలిపి తీసేది, ప్రతి ఇంటికీ ఒక రహస్య పాళ్లు. హీనా గోరింట నుంచి.

ఊద్ సంగతి వేరు. అస్సాంలో పెరిగే అగరు చెట్టుకు ఒక రకం బూజు పడితే చెట్టు తనను కాపాడుకోవడానికి నల్లటి బంక ఊరిస్తుంది. ఆ బంక ఊరిన చెక్కే ఊద్. అగరుబత్తి అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. అస్సాంలో హోజాయ్ ఈ వ్యాపారానికి పేరుమోసిన ఊరు. అగరు చెట్ల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటీస్ ఒప్పందం కింద నియంత్రణ ఉంది. అందువల్ల సూట్‌కేసులో చెక్క ముక్కలు తెచ్చి అమ్ముదాం, పంపిద్దాం అనుకోవడం కాగితాలు లేకుండా కుదిరే పని కాదు.

ఇంతకన్నా ప్రమాదమైనవి రెండున్నాయి, కస్తూరి, అంబర్. కస్తూరి జింక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పూర్తి రక్షణ ఉన్న జంతువు. దాని కస్తూరి అమ్మితే జైలే. బజారులో ‘మస్క్’ పేరుతో ఉన్నదంతా రసాయనమే, అలాగే ఉండాలి కూడా. మొదటి కృత్రిమ మస్క్‌ను 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూ అనుకోకుండా తయారుచేశాడు. ఇక అంబర్ గ్రిస్, అంటే తిమింగలం కడుపులో తయారయ్యే మైనంలాంటి ముద్ద. ఇండియాలో దాన్ని దగ్గర పెట్టుకోవడం, అమ్మడం నిషేధం. ‘అసలు కస్తూరి, అసలు అంబర్ మా దగ్గరుంది’ అని బోర్డు పెట్టేవాడు రెండింటిలో ఒకటి ఒప్పుకుంటున్నట్టే: అబద్ధం చెబుతున్నానని, లేదా నేరం చేస్తున్నానని. కొత్త దుకాణదారుడు ఆ మాటను నోట్లోంచే తీసెయ్యాలి. ‘మస్క్ వాసన ఉన్న కాంపౌండ్’ అంటే గిరాకీ ఏమీ పారిపోడు.

ముక్కు తయారవడం

అత్తరు వాసన పట్టడం ఒక పని. ఆ పనికి సమయం పడుతుంది. వరసగా నాలుగైదు వాసనలు చూస్తే ఎవరి ముక్కైనా మొద్దుబారుతుంది. అందుకే కొనుగోలుకు వెళ్లినప్పుడు ఒకే పూట ముప్పై రకాలు తేల్చేసుకోవడం అంటే కళ్లకు గంతలు కట్టుకుని బట్ట కొన్నట్టే. కాగితం పట్టీ మీద ఒక్కో చుక్క వేసి, పేరు రాసి, ఇంటికి తెచ్చుకుని మర్నాడు ఉదయం చూడాలి. మొదటి పది నిమిషాలు అన్నీ ఘుమఘుమలాడతాయి. పొద్దున్నే పట్టీ మీద ఏం మిగిలిందన్నదే అసలు పరీక్ష. గంధపు పునాది ఉన్నది నెమ్మదిగా దిగుతుంది. చవక కాంపౌండ్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, లేదా ఒకే గీతలా తీయగా, మారకుండా ఉండిపోతుంది. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు నిలబడేది కాదు, తెలివైన కాంపౌండ్లు దీన్నీ దాటేస్తాయి. అయినా మొదటి ఏడాదిలో చాలా డబ్బు కాపాడుతుంది.

నేర్చుకోవడానికి దారులున్నాయి. కనౌజ్‌లో కేంద్ర ప్రభుత్వ సూక్ష్మ, చిన్న పరిశ్రమల శాఖ కింద 1991లో మొదలైన సుగంధ, రుచి అభివృద్ధి కేంద్రం చిన్న కోర్సులు నడుపుతుంది, నూనెల పరీక్షలూ చేస్తుంది. అంతకన్నా దగ్గరి బడి పత్తర్‌గట్టీ, చార్మినార్ వైపు పాత దుకాణాలు. ఉద్యోగంలో ఉండగానే, ఒక రంజాన్ సీజను ఎవరో తెలిసినవాళ్ల దుకాణంలో తరావీహ్ తర్వాత నుంచి సహ్రీ దాకా నిలబడి అమ్మితే ఆరు నెలల కోర్సు అంత నేర్చుకోవచ్చు. గిరాకీ ఏం అడుగుతాడు, ఏ ధర దగ్గర మొహం మారుస్తాడు, ఏ సీసా నాలుగుసార్లు వాసన చూసి కొనకుండా పోతాడు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. కంపెనీలో పక్కపని చేయకూడదని ఒప్పందం రాసిచ్చిన వాళ్లు జీతం తీసుకోకుండా నేర్చుకోవడానికే నిలబడటం మేలు. ఆ కాగితం ఒకసారి చదువుకుని మరీ.

ఎండాకాలం మాల్, చలికాలం మాల్

అత్తరుకు రుతువులున్నాయి. ఖస్, మిట్టీ, కేవడా, గులాబ్, మల్లె చల్లటివి, ఎండాకాలంలో కదులుతాయి. హీనా, శమామా, ఊద్, అంబర్ రకం కాంపౌండ్లు వేడివి, చలికాలపు సరుకు. ఏప్రిల్‌లో శమామా కొని పెట్టుకున్నవాడి డబ్బు నవంబరు దాకా అరలో నిద్రపోతుంది.

దీనికి తోడు రంజాన్. హిజ్రీ ఏడాది ఇంగ్లిష్ ఏడాది కన్నా పది, పదకొండు రోజులు తక్కువ కాబట్టి రంజాన్ ప్రతి ఏటా ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో వచ్చింది. తర్వాతి ఏళ్లలో జనవరిలోకి జరుగుతుంది. 2030లో అయితే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో ఇంకోసారి, రెండు రంజాన్లు మొదలవుతాయి. వ్యాపారానికి దీని అర్థం చాలా సూటి: ఇప్పుడు దుకాణం పెట్టేవాడికి రాబోయే నాలుగైదేళ్లు పండుగా చలీ కలిసి వస్తాయి. ఊద్, శమామాకు రెట్టింపు గిరాకీ ఉండొచ్చు. అదే సమయంలో ఏడాదిలో మిగిలిన ఎనిమిది, తొమ్మిది నెలలు మరింత బోసిపోతాయి. ఎండాకాలంలో రంజాన్ వచ్చిన రోజుల్లో పాత వ్యాపారి ఇచ్చిన సలహా ఇప్పుడు అట్లాగే పాటిస్తే ఖస్ మిగిలిపోతుంది.

లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు అనుకున్నవే, ఎవరి ఊరికి, ఎవరి ఇంటికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవాలి.

మల్గీ అద్దె 30,000. సహాయకుడికి 15,000. కరెంటు, సీసాలు, సంచులు, చిల్లర ఖర్చు 5,000. మొత్తం దుకాణం ఖర్చు నెలకు 50,000. ఇంటికి కనీసం 50,000. అంటే నెలకు లక్ష. వంద రూపాయలకు అమ్మినదానిలో 40 రూపాయలు మిగులుతుందనుకుంటే, దుకాణం తన కాళ్ల మీద నిలబడటానికే 1,25,000 అమ్మాలి. ఇల్లు కూడా నడవాలంటే 2,50,000. నెలకు 26 రోజులు తెరిస్తే రోజుకు దాదాపు 9,600. ఒక్కో గిరాకీ సగటున 300 బిల్లు చేస్తే రోజుకు 32 మంది కొనాలి. వచ్చి చూసిపోయేవాళ్లు కాదు, కొనేవాళ్లు.

రంజాన్ చివరి పది రోజుల్లో 32 మంది అంటే నవ్వుకుంటారు. ఆషాఢంలో మంగళవారం మధ్యాహ్నం 32 మంది అంటే ఏడుపొస్తుంది. ఈ రెండిటి మధ్య ఇంటి ఈఎంఐ మాత్రం అయిదో తారీఖుకే కట్ అవుతుంది, దానికి రుతువుల్లేవు.

సరుకు ఇంకో లెక్క. నెలకు 2,50,000 అమ్మితే అందులో సరుకు ఖరీదు 1,50,000. దుకాణంలో 8 లక్షల మాల్ పెట్టారనుకుంటే, అది అయిదు నెలలకు మించిన నిల్వ. కానీ ఆ నిల్వ సమానంగా కదలదు. నూరు రకాల్లో పాతికో ముప్పయ్యో తిరుగుతుంటాయి, మిగతావి అర నిండుగా కనబడటానికే. పాత వ్యాపారులు కొత్తవాళ్లకు చెప్పేది ఇదే: ముప్పై రకాలతో మొదలుపెట్టు, గిరాకీ మూడుసార్లు అడిగినదాన్నే కొత్తగా తెప్పించు. కనిపించడానికి అర బోసిగా ఉంటుందని సిగ్గుపడి వంద రకాలు నింపడం ఉద్యోగం డబ్బు చేతిలో ఉన్నవాళ్లు చేసే మొదటి ఖరీదైన పని. పీఎఫ్ డబ్బు అత్తరుగా మారి అద్దాల వెనక కూర్చుంటుంది.

ఉద్దెర ఇంకో రంధ్రం. కాలనీ మస్జిద్‌లో రోజూ పక్కన నిలబడేవాళ్లే గిరాకీ అయినప్పుడు ‘తర్వాత ఇస్తాలే భాయ్’ అంటే కాదనడం కష్టం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ చిక్కు రాదు, అక్కడ డబ్బు అడిగే పని వేరేవాళ్లది. చిన్న పుస్తకంలో తారీఖుతో రాసుకుని, ఒక హద్దు దాటాక ఇవ్వకపోవడం తప్ప దీనికి మందు లేదు.

పెద్ద ఉద్యోగం వదిలి గెలిచినవాళ్ల కథలు ఇలాంటి సమయంలో చాలా ఊపునిస్తాయి. ఫల్గుణి నాయర్ 2012లో కోటక్ మహీంద్రాలో ఉన్నత పదవి వదిలి నైకా పెట్టారు, 2021లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. నిజమైన విజయమే. కానీ ఆమె కంపెనీలకు పెట్టుబడి సమకూర్చే వృత్తిలోనే దాదాపు రెండు దశాబ్దాలు ఉన్నారు. మెహిదీపట్నంలో మల్గీ తీసుకునేవాడికి ఆ కథ కన్నా, పక్క సందులో ఏడాదికే మూతపడిన సెంటు దుకాణం కథ ఎక్కువ పనికొస్తుంది. వాళ్లను వెతికి మాట్లాడితే ఎక్కడ తప్పిందో దాచకుండా చెబుతారు. నడుస్తున్నవాళ్లు అంతగా చెప్పరు.

రాజీనామా ఎప్పుడు?

అయిదేళ్ల సర్వీసు ఇంకో రెండు మూడు నెలల్లో నిండుతుందనగా కోపంలో కాగితం పెట్టేవాళ్లున్నారు. గ్రాట్యుటీకి మామూలు ఉద్యోగికి అయిదేళ్ల నిరంతర సేవ కావాలి. ఎనిమిదేళ్లు చేసి, గ్రాట్యుటీకి లెక్కించే చివరి వేతనం 40,000 ఉంటే, 15 రోజుల వేతనం లెక్కన 1,84,615 రూపాయలు వస్తుంది. ఆర్నెల్ల దుకాణం అద్దె అది.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా చివరి పనిదినంతో ముగుస్తుంది. ఇంట్లో షుగరో బీపీనో ఉన్న తల్లిదండ్రులుంటే ఇది అన్నిటికన్నా పెద్ద విషయం. కొత్త పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం పెట్టే అవకాశం ఉంది. అందుకని ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకుని ఆ గడియారం మొదలుపెట్టడం మంచిది.

అత్తరు వ్యాపారానికి రాజీనామా చేయడానికి మంచి సమయం అంటూ ఉంటే, అది రంజాన్‌కు మూడు నాలుగు నెలల ముందు. దుకాణం సర్దుకుని, సరుకు కుదురుకుని, నాలుగు మొహాలు పరిచయమయ్యాక సీజను తగులుతుంది. రంజాన్ అయిపోయాక తెరిస్తే మొదటి ఎనిమిది నెలలు చేతి డబ్బే తినాలి. సీజను మధ్యలో తెరిస్తే పెద్ద దుకాణాల గుంపులో ఎవరికీ కనిపించరు.

ఎంత డబ్బు పక్కన పెట్టుకోవాలన్న దానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. ఇంటి ఖర్చు దుకాణం గల్లాలో కలపకుండా, ఒక పూర్తి ఏడాదికి సరిపడా వేరే ఖాతాలో ఉంటే మాత్రం ఒక రుతుచక్రం చూసేదాకా నిలబడొచ్చు. ఇంట్లో భార్యకో భర్తకో జీతం ఉంటే సగంతోనూ నడుస్తుంది. ఈ లెక్క ఇంట్లోవాళ్లకు కాగితం మీద చూపించి మరీ ఒప్పించాలి. ‘నేను చూసుకుంటాలే’ అని మొదలైన దుకాణాల్లో, మొదటి ఖాళీ నెలలోనే దుకాణం గొడవ ఇంటి గొడవ అవుతుంది.

అప్పు విషయంలో ముద్రా పథకం కింద 10 లక్షల దాకా పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు పొత్తు వైపు చూస్తాయి: ఒకరి డబ్బు, ఒకరి శ్రమ, లాభంలో ముందే అనుకున్న వాటా. ధర్మం ప్రకారం కుదిరే పద్ధతే, కానీ బావమరిది, మేనమామ మధ్య నోటిమాట మీద కుదిరిన పొత్తులే ఎక్కువగా చెడతాయి. నష్టం వస్తే ఎవరిది, మిగిలిన మాల్‌కు వెల ఎలా కడతారు అన్నవి రాసుకోకపోతే ఆ తర్వాత పెళ్లిళ్లలో పలకరింపులు కూడా ఉండవు.

కాగితాలు

ఇవి అనుకున్నంత భారం కావు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణాల చట్టం కింద నమోదు, ఉచితంగా దొరికే ఉద్యమ్ నమోదు. జీఎస్టీ దగ్గర రెండు తెలుగు రాష్ట్రాలకూ తేడా ఉంది. రాష్ట్రం లోపల సరుకు అమ్మే వ్యాపారికి తెలంగాణలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే నమోదు తప్పదు, ఆంధ్రప్రదేశ్‌లో ఆ హద్దు 40 లక్షలు. పైన వేసిన లెక్కలో నెలకు 2,50,000 అంటే ఏడాదికి 30 లక్షలు. అదే దుకాణం హైదరాబాద్‌లో ఉంటే నమోదు కావాలి, కర్నూలులో ఉంటే అక్కర్లేదు. సెంట్ల మీద పన్ను 18 శాతం. కాంపోజిషన్ పద్ధతి ఎంచుకుంటే టర్నోవర్ మీద 1 శాతంతో పోతుంది. అయితే వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, కొన్నదాని మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. బెంగళూరు, ముంబై కొరియర్ ఆర్డర్ల మీద ఆశ ఉన్నవాళ్లకు ఆ పద్ధతి పనికిరాదు.

చట్టం దృష్టిలో అత్తరు కాస్మెటిక్. గిరాకీ ముందు పెద్ద సీసా నుంచి చిన్న సీసాలోకి తీసి ఇవ్వడం చిల్లర వ్యాపారంలో భాగమే, తయారీ కిందకు రాదు. సొంత పేరుతో లేబుల్ వేసి, సీసాలు నింపి ఇతర దుకాణాలకు సరఫరా చేయడం మొదలుపెడితే అది తయారీ, దానికి ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. ఈ గీత తెలియక దాటేవాళ్లున్నారు. తూకం గురించి ఇంకో మాట. తులం అంటే 11.66 గ్రాములు, బజారులో 12 మిల్లీలీటర్ల సీసాను తులం అంటారు, కొన్నిచోట్ల 10 మిల్లీలీటర్లే తులమై కూర్చుంటుంది. చట్టానికి తులం లేదు, గ్రాములు, మిల్లీలీటర్లే. నోటితో తులం అన్నా సీసా మీద, బిల్లు మీద మిల్లీలీటర్లు రాయాలి. ఎలక్ట్రానిక్ కాటా ఉంటే తూనికల శాఖ ముద్ర వేయించుకోవాలి.

చర్మం సంగతి చట్టం కన్నా ముందు. కాంపౌండ్ కొన్నప్పుడు సరఫరాదారు నుంచి భద్రతా పత్రం అడగాలి, ఇవ్వనివాడి దగ్గర కొనకపోవడమే మంచిది. పసిపిల్లలకు రాస్తామనేవాళ్లకు, దద్దుర్ల బాధ ఉన్నవాళ్లకు చర్మానికి కాకుండా బట్టకు రాయమని చెప్పడం వల్ల ఒక అమ్మకం పోవచ్చు. మరుసటి నెల అదే మనిషి నలుగురిని తీసుకొస్తాడు.

మొదటి ఈద్ తర్వాతి వారం

షవ్వాల్ మొదటి వారంలో గల్లా నిండుగా ఉంటుంది, మనసు తేలిగ్గా ఉంటుంది. కొత్తవాళ్లు కారుకు అడ్వాన్సు కట్టేది, పక్క షట్టర్ కూడా అడిగేది అప్పుడే. పాతవాళ్లు ఆ వారం దుకాణం సగం మూసి సీసాలు లెక్కపెడతారు. ఏది ఎన్ని మిల్లీలీటర్లు పోయింది, ఏది మూత కూడా తెరవలేదు, ఎవరి దగ్గర ఉద్దెర నిలిచింది, అన్నీ రాసుకుంటారు. రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చిలో ముగుస్తోంది, ఉత్తరప్రదేశ్‌లో గులాబీ కోత మార్చి, ఏప్రిల్‌లో. ఏడాదికి సరిపడా గులాబ్, ఎండాకాలానికి ఖస్, మిట్టీ కొనాల్సిన డబ్బు ఆ గల్లాలోంచే రావాలి. అది తీసి వేరుగా పెట్టాక మిగిలిందే ఇంటికి తీసుకెళ్లగల జీతం, వచ్చే శీతాకాలం దాకా పన్నెండో పదో భాగాలు చేసుకుని.